మెట్రో కిలోమీటరుకు 318 కోట్లు: ఆ డబ్బు ఎవరిది?

2024–25లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) ఆస్తిపన్ను వసూళ్లు తొలిసారి 2,000 కోట్ల రూపాయలు దాటాయి. బకాయిల మీద వడ్డీ మాఫీ ఇవ్వడమూ కలిసొచ్చి మొత్తం 2,038 కోట్లు వచ్చాయి. అదే ఏడాది నవంబరులో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్ మెట్రో రెండో దశ ప్రతిపాదనను కేంద్రానికి పంపింది. ఐదు మార్గాలు, 76.4 కిలోమీటర్లు, ఖర్చు 24,269 కోట్లు. భాగించి చూస్తే కిలోమీటరుకు దాదాపు 318 కోట్లు.

ఈ రెండు లెక్కల్ని పక్కపక్కన పెట్టి చూడండి. నగరంలోని ఇళ్లు, దుకాణాలు, ఆఫీసులు ఏడాది పొడవునా కట్టిన ఆస్తిపన్ను మొత్తాన్నీ మెట్రోకే పోశామనుకుందాం. చెత్త ఎత్తడానికి, వీధిదీపాలకు, నాలాల పూడికతీతకు ఒక్క రూపాయి కూడా మిగల్చలేదనుకుందాం. అప్పటికీ వచ్చేది ఆరున్నర కిలోమీటర్ల లోపే. మియాపూర్ నుంచి పటాన్‌చెరు దాకా వేయాలనుకున్న 13.4 కిలోమీటర్ల మార్గంలో సగం కూడా కాదు.

కోటిమంది తిరిగే మహానగరంలో రోడ్లు, రైళ్లు, బస్సుల ఖర్చు స్థానిక సంస్థ ఒక్కదాని వల్ల కాదని ఈ లెక్కే చెబుతోంది. మరి ఎవరి వల్ల అవుతోంది? ఇప్పటిదాకా డబ్బు ఎక్కడినుంచి వచ్చింది? ఎవరు ఎంత మోశారు? పదిహేనేళ్ల లెక్కలు వరుసగా చూస్తే ఒక విషయం బయటపడుతుంది. రవాణా వల్ల నగరంలో పుట్టే సంపద చాలా ఎక్కువ. అందులోంచి తిరిగి రవాణాకు ఏటా, చట్టప్రకారం, తప్పనిసరిగా చేరే వాటా మాత్రం లేదు. హైదరాబాద్ రవాణాకు అసలు కొరత అదే.

బస్ స్టాపు నగరానిది, బస్సు రాష్ట్రానిది

ముందు చట్టం సంగతి. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగ్గ 18 పనుల జాబితాను అది పన్నెండో షెడ్యూలులో పెట్టింది. నాలుగో అంశం రోడ్లు, వంతెనలు. పదిహేడో అంశంలో వీధిదీపాలు, పార్కింగ్ స్థలాలు, బస్ స్టాపులు ఉన్నాయి. ప్రజా రవాణా మాత్రం ఆ జాబితాలో ఎక్కడా లేదు.

హైదరాబాద్‌లో దాని ఫలితం కళ్ల ముందే కనిపిస్తుంది. బస్ స్టాపు జీహెచ్ఎంసీది, అక్కడ ఆగే బస్సు రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఆర్టీసీది. ఎంఎంటీఎస్ లోకల్ రైలు దక్షిణ మధ్య రైల్వేది. మెట్రోను కట్టి నడిపింది ప్రైవేటు సంస్థ. ఔటర్ రింగ్ రోడ్డు మహానగర అభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ చేతుల మీదుగా వచ్చింది. జాతీయ రహదారులు కేంద్రానివి. వాహనపన్ను రాష్ట్ర ఖజానాకు చేరుతుంది. ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లేలోపు ప్రయాణికుడు నాలుగు సంస్థల పరిధి దాటుతాడు. ఆ ప్రయాణం సాఫీగా సాగకపోతే జవాబు చెప్పాల్సింది ఎవరో తేలదు.

ఈ చిక్కు తెలిసే 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం ప్రతి మహానగరానికీ ఏకీకృత రవాణా ప్రాధికార సంస్థ ఉండాలని చెప్పింది. 2017 మెట్రో రైలు విధానం దాన్ని తప్పనిసరి చేసింది. హైదరాబాద్‌కు అలాంటి సంస్థ 2008 నుంచే ఉంది. దాని పేరు ఉమ్టా. రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన దాన్ని ఏర్పాటు చేశారు. సమావేశాలు జరపడానికి, ప్రణాళికలు రాయడానికి అధికారం ఉన్నా తనదంటూ పన్ను లేదు, తనదంటూ ఖజానా లేదు. డబ్బు లేని సంస్థ మాటను డబ్బున్న శాఖలు ఎంతవరకు వింటాయో పాలన తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది.

24,269 కోట్లలో ఎవరి వాటా ఎంత?

రెండో దశ ప్రతిపాదనలో ఖర్చును ఇలా పంచారు:

- రాష్ట్ర ప్రభుత్వం: 7,313 కోట్లు, అంటే దాదాపు 30 శాతం
- కేంద్ర ప్రభుత్వం: 4,230 కోట్లు, దాదాపు 17 శాతం
- రుణాలు: 11,693 కోట్లు, దాదాపు 48 శాతం
- ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం: 1,033 కోట్లు, దాదాపు 4 శాతం

ఇందులో నగరపాలక సంస్థకు వరుసే లేదు. తన పరిధిలో తిరిగే రైలుకు నగరం నేరుగా పెట్టేది ఏమీ లేదు. అందుకే మార్గం ఎటు వెళ్లాలి, స్టేషన్ ఎక్కడ రావాలి అన్న నిర్ణయాల్లో కార్పొరేటర్ల మాటకు బలమూ లేదు.

మార్గాలవారీగా చూస్తే అన్నిటికన్నా పెద్దది నాగోలు నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లేది: 36.8 కిలోమీటర్లు, 11,226 కోట్లు. రాయదుర్గం నుంచి కోకాపేట నియోపోలిస్ దాకా 11.6 కిలోమీటర్లకు 4,318 కోట్లు. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా పాతబస్తీలో 7.5 కిలోమీటర్లకు 2,741 కోట్లు. మియాపూర్–పటాన్‌చెరు మార్గానికి 4,107 కోట్లు. ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ దాకా 7.1 కిలోమీటర్లకు 1,786 కోట్లు. 2025 జూన్‌లో రెండో దశలోనే మరో భాగాన్ని జోడించారు. మేడ్చల్, శామీర్‌పేట, ఫ్యూచర్ సిటీ వైపు 86.1 కిలోమీటర్లు, 19,579 కోట్లు. రెండూ కలిపితే 162.5 కిలోమీటర్లకు 43,848 కోట్లు. ఇది 21 ఏళ్లకు పైగా వచ్చే ఆస్తిపన్నుకు సమానం.

అప్పు ఎవరి పేరు మీద తెస్తే ఎంత?

మొత్తం ఖర్చులో దాదాపు సగం అప్పే కాబట్టి వడ్డీ రేటు దగ్గర కాసేపు ఆగాలి. రోడ్లు, ఫ్లైఓవర్ల కోసం చేపట్టిన వ్యూహాత్మక రహదారుల అభివృద్ధి పథకానికి, అంటే ఎస్ఆర్‌డీపీకి, జీహెచ్ఎంసీ తన పేరు మీద మూడుసార్లు బాండ్లు అమ్మింది. 2018 ఫిబ్రవరిలో 200 కోట్లు 8.90 శాతం వడ్డీకి వచ్చాయి. అదే ఏడాది ఆగస్టులో 195 కోట్లు తెస్తే వడ్డీ 9.38 శాతమైంది. 2019 ఆగస్టులో 100 కోట్లకు 10.23 శాతం ఇవ్వాల్సి వచ్చింది. ఏడాదిన్నరలో రేటు ఒకటింపావు శాతానికి పైగా పెరిగింది. మూడూ కలిపి 495 కోట్లు, వాటి మీద ఏటా వడ్డీయే దాదాపు 46 కోట్లు.

ఇప్పుడు మెట్రో రెండో దశకు కావలసిన 11,693 కోట్ల రుణాన్ని రెండు రకాలుగా లెక్కిద్దాం. జీహెచ్ఎంసీ మొదటి బాండ్ల రేటు 8.9 శాతానికి తెస్తే ఏడాది వడ్డీ దాదాపు 1,041 కోట్లు. కేంద్ర ప్రభుత్వం పూచీతో అంతర్జాతీయ అభివృద్ధి సంస్థల నుంచి 2 శాతానికి దొరికిందనుకుంటే దాదాపు 234 కోట్లు. అప్పు ఒక్కటే, ఏటా తేడా 800 కోట్ల పైచిలుకు. విదేశీ రుణంలో రూపాయి విలువ పడిపోతే అసలు భారం పెరిగే ప్రమాదముంది, దాన్ని కాదనలేం. అయినా కేంద్రం ఆమోదం కోసం రాష్ట్రం అంతగా పట్టుబట్టడానికి కారణం ఈ తేడాలోనే ఉంది. కేంద్రం చేతినుంచి వచ్చే 17 శాతం వాటా కన్నా ఆ సంతకం వల్ల తగ్గే వడ్డీ విలువ ఎక్కువ.

నగరాల స్వయంశక్తికి గుర్తుగా బాండ్లను మెచ్చుకున్నవారున్నారు. వాటి వల్ల నగరపాలక సంస్థ పద్దులు రేటింగ్ సంస్థల పరిశీలనకు వచ్చాయి, అది మంచిదే. కానీ బాండు కూడా అప్పే. తీర్చడానికి కొత్త రాబడి చూపకుండా తెచ్చిన అప్పు రేపటి ఆస్తిపన్నును ఈరోజే ఖర్చు పెట్టేస్తుంది.

టికెట్టుతో పట్టాలు వేయవచ్చా?

మెట్రో మొదటి దశ ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది. 2008లో పిలిచిన బిడ్లలో మేటాస్ నాయకత్వంలోని కూటమి ప్రభుత్వ సాయం అడక్కపోగా, తానే ప్రభుత్వానికి 35 ఏళ్లలో 30,311 కోట్లు కడతానంది. రైలు నడిపి అంత మిగలడం అసాధ్యమని, ఆ బిడ్డు వెనుక ఉన్నది భూముల మీది ఆశేనని మెట్రో నిపుణుడు ఇ. శ్రీధరన్ అప్పుడే హెచ్చరించారు. మేటాస్ యజమానుల కుటుంబానికే చెందిన సత్యం కంపెనీలో కుంభకోణం బయటపడ్డాక మేటాస్ నిధులు సమకూర్చుకోలేకపోయింది. 2009 జూలైలో ఆ ఒప్పందం రద్దయింది.

మళ్లీ పిలిచిన టెండర్లలో 2010లో ఎల్ అండ్ టీ గెలిచింది. లోటు భర్తీకి కేంద్రం నుంచి అది కోరిన సాయం 1,458 కోట్లు. 14,132 కోట్ల అంచనాలో ఇది పదో వంతు. లోటు భర్తీ పథకం కింద కేంద్రం 20 శాతం దాకా ఇవ్వవచ్చు. రాబడి అంచనాల్లో సగం టికెట్ల నుంచి, 45 శాతం దాకా స్టేషన్ల పక్కన కట్టే వాణిజ్య భవనాల నుంచి, మిగిలింది ప్రకటనల నుంచి వస్తుందన్నారు. కోటీ 85 లక్షల చదరపు అడుగుల నిర్మాణానికి అవకాశం ఇచ్చారు. ఆచరణలో పంజాగుట్ట, ఎర్రమంజిల్, హైటెక్ సిటీ, మూసారాంబాగ్‌లలో నాలుగు మాల్స్ లేచాయి. మిగిలిన స్థలంలో ఎక్కువ భాగం అనుకున్నట్టు ఎదగలేదు.

2017 నవంబరు 28న మొదటి రైలు కదిలింది. 2020 ఫిబ్రవరి 7 నాటికి 69 కిలోమీటర్లు పూర్తయ్యాయి. మరుసటి నెలలోనే కరోనా లాక్‌డౌన్. రోజుకు 15 లక్షలకు పైగా ఎక్కుతారని అనుకుంటే ఐదు లక్షల దగ్గరే ఆగింది. 2025 మేలో ఛార్జీలు పెంచారు. కనిష్ఠం పది రూపాయల నుంచి 12కు, గరిష్ఠం 60 నుంచి 75కు వెళ్లింది. జనం గగ్గోలు పెట్టడంతో వారానికే కొంత తగ్గించి 11, 69 చేశారు.

ఛార్జీలు పెరిగినా కష్టం తీరేది కాదని చెప్పడానికి ఒక్క లెక్క చాలు. 2024–25లో మెట్రో సంస్థ మొత్తం ఆదాయం దాదాపు 1,100 కోట్లు, నష్టం దాదాపు 626 కోట్లు. అప్పు 13,000 కోట్ల మేర ఉంది. దాని మీద 8 శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 1,040 కోట్లు. అంటే టికెట్లు, అద్దెలు, ప్రకటనల మీద వచ్చిన ప్రతి రూపాయినీ వడ్డీకే కట్టినా కరెంటు బిల్లుకూ జీతాలకూ మిగిలేది చాలా కొద్ది. 2025 సెప్టెంబరులో ఎల్ అండ్ టీ తప్పుకోవడానికి, ఆ 13,000 కోట్ల అప్పును రాష్ట్రం తన నెత్తిన వేసుకొని వాటాధనానికి దాదాపు 2,000 కోట్లు ఇవ్వడానికి ఒప్పందం కుదిరింది.

ప్రైవేటు సంస్థ వస్తే ప్రభుత్వానికి భారం తప్పుతుందన్న నమ్మకానికి పదిహేనేళ్ల తర్వాత కట్టిన వెల ఇది. పెద్ద పెద్ద దేశాల్లోనూ మెట్రో టికెట్టు రైలు నడపడానికి అయ్యే ఖర్చులో కొంతో, చాలావరకో ఇస్తుంది. కట్టడానికి తెచ్చిన అప్పు తీర్చే శక్తి దానికి ఉండటం చాలా అరుదు. ఇది తెలిసి మొదలుపెట్టే నగరాలు ముందే మరో రాబడిని చూసుకుంటాయి.

వాటా రాసుకుంటే సరిపోదు

ఇద్దరు కలిసి కట్టే పనిలో ఒకరు వాటా ఆపితే ఏమవుతుందో ఎంఎంటీఎస్ చూపింది. 2003 ఆగస్టులో మొదలైన మొదటి దశకు రాష్ట్రం, రైల్వే చెరి సగం పెట్టుకున్నాయి. 2012–13లో మంజూరైన రెండో దశ తొలి అంచనా 816.55 కోట్లు. అందులో మూడింట రెండు వంతులు రాష్ట్రానివి, ఒక వంతు రైల్వేది. ఉన్న రైలు మార్గాల మీదే పని కాబట్టి ఖర్చు తక్కువ. ఆనాటి ధరల్లో ఆ 816 కోట్లు ఇప్పటి మెట్రోలో రెండున్నర కిలోమీటర్ల ఖరీదు. అయినా రాష్ట్ర వాటా విడుదల ఏళ్ల తరబడి సాగింది. సికింద్రాబాద్–మేడ్చల్ మార్గం 2023 ఏప్రిల్‌లో, ఘట్‌కేసర్–మౌలాలి–సనత్‌నగర్ మార్గం 2024 మార్చిలో గానీ మొదలు కాలేదు. శివార్లలో పేద, మధ్యతరగతి కుటుంబాలు స్థిరపడిన దశాబ్దమంతా అత్యంత చవకైన రైలు కాగితాల్లోనే ఉండిపోయింది.

ఆర్టీసీ కథ ఇంకా సూటిగా ఉంటుంది. నగరంలో నడిచే బస్సుల నష్టాన్ని జీహెచ్ఎంసీ భరించాలని తెలంగాణ ఏర్పడ్డాక నిర్ణయించారు. స్థానిక సంస్థను ప్రజా రవాణాకు బాధ్యురాలిని చేసే ప్రయత్నమిది. జీహెచ్ఎంసీ 336 కోట్ల మేర ఇచ్చి, ఇక తన వల్ల కాదంది. నగరంలో వచ్చిన నష్టం 1,786 కోట్లని ఆర్టీసీ లెక్క చెప్పింది. 2019లో 52 రోజులు సాగిన ఆర్టీసీ సమ్మె సమయంలో ఈ వివాదం హైకోర్టు ముందుకొచ్చింది. తమ ఆర్థిక స్థితి అందుకు సరిపోదని జీహెచ్ఎంసీ విన్నవించుకుంది. బాధ్యతను బదిలీ చేసినవారు దానికి తగిన రాబడిని బదిలీ చేయలేదు. నగరంలో తిరిగే వాహనాల పన్నులో ఒక స్థిరమైన వాటాను అప్పుడే జీహెచ్ఎంసీకి రాసి ఉంటే కథ మరోలా నడిచేది.

బస్సుకు పెట్టే డబ్బు విలువేమిటో మహాలక్ష్మి పథకం చెబుతుంది. 2023 డిసెంబరు 9న మొదలైన ఈ ఉచిత ప్రయాణాన్ని 2025 జూలై నాటికి రాష్ట్రవ్యాప్తంగా మహిళలు 200 కోట్ల సార్లు వాడుకున్నారు. ఆ టికెట్ల విలువ 6,680 కోట్లుగా ప్రకటించారు. సగటున ఒక్కో ప్రయాణానికి 33 రూపాయలు. ఇంటిపనికి వెళ్లే మనిషికి, కాలేజీకి వెళ్లే అమ్మాయికి రానుపోను మిగిలే ఆ 66 రూపాయలు చిన్నవి కావు. అయితే బస్సుల సంఖ్య పెరగకపోతే ఆ మేలు రద్దీలో కరిగిపోతుంది. కేంద్రం పీఎం ఇ–డ్రైవ్ పథకం కింద ఐదు నగరాలకు కేటాయించిన 10,900 ఎలక్ట్రిక్ బస్సుల్లో హైదరాబాద్‌కు 2,000 వచ్చాయి. వాటి నిర్వహణ ఖర్చుకూ స్థిరమైన నిధి కావాలి.

కోకాపేట చెప్పిన లెక్క

మరి సంపద ఎక్కడ ఉంది? భూమిలో ఉంది. 2021 జూలైలో హెచ్ఎండీఏ కోకాపేటలో దాదాపు 50 ఎకరాలు వేలం వేస్తే 2,000 కోట్లు వచ్చాయి. సగటున ఎకరా 40 కోట్లు. 2023 ఆగస్టులో అక్కడే నియోపోలిస్‌లో 45.33 ఎకరాలకు 3,319 కోట్లు వచ్చాయి. సగటు 73 కోట్లు, గరిష్ఠం 100.75 కోట్లు. 2025 నవంబరులో ఎకరా ధర 150 కోట్లు కూడా దాటింది.

ఆ మట్టికి అంత విలువ దానంతట అది రాలేదు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఆ పక్కనుంచే వెళ్తుంది. విమానాశ్రయానికి సూటి దారి ఉంది. ఐటీ కారిడార్ ఆనుకొని ఉంది. అంటే ప్రజాధనంతో వేసిన రహదారులే ఆ ధరను పెంచాయి. ఇప్పుడు అక్కడికే మెట్రో వెళ్లాలి. రాయదుర్గం–నియోపోలిస్ మార్గం అంచనా 4,318 కోట్లు. 2021, 2023 వేలాల రాబడి కలిపితే 5,319 కోట్లు. ఆ రెండు వేలాల డబ్బును పక్కన పెట్టి ఉంటే ఒక్క రూపాయి అప్పు లేకుండా ఆ మార్గం పూర్తై, వెయ్యి కోట్లు మిగిలేవి.

వేలంలో ఒక లోపం ఉంది. భూమి ఒక్కసారే అమ్ముడుపోతుంది. మెట్రో వచ్చాక పెరిగే విలువ కొన్నవారిదే అవుతుంది. ప్రభుత్వ భూమి పక్కన వందల ఎకరాల ప్రైవేటు భూమి ఉంటుంది. దాని యజమానికి రైలు స్టేషన్ ఇచ్చే లాభం మీద ప్రత్యేకమైన వాటా అడిగే ఏర్పాటు లేదు. ఔటర్ మీద టోల్ వసూలు హక్కును 2023లో 30 ఏళ్లకు ఐఆర్‌బీ సంస్థకు 7,380 కోట్లకు ఇవ్వడమూ ఇలాంటిదే. సూటిగా భాగిస్తే ఏడాదికి 246 కోట్లు. ముప్ఫై ఏళ్ల రాబడి ఒకేసారి చేతికొచ్చినప్పుడు దాన్ని ముప్ఫై ఏళ్లు నిలిచే ఆస్తి మీదే పెట్టాలి. అలా పెట్టి తీరాలన్న చట్టం ఉంటేనే ఆ మాటకు విలువ.

ఇతరులు ఎలా చేస్తున్నారు?

ప్యారిస్ ప్రాంతంలో 1971 నుంచి యాజమాన్యాల మీద రవాణా పన్ను ఉంది. పదకొండుమందికి తగ్గకుండా ఉద్యోగులున్న సంస్థలు జీతాల మొత్తంలో కొంత శాతాన్ని కట్టాలి. ప్యారిస్ నగరంలో ఆ రేటు ఇప్పుడు 3.2 శాతం. ఉద్యోగులు వేళకు ఆఫీసుకు చేరడం యజమానికీ లాభమే కాబట్టి ఖర్చులో అతనికీ భాగం ఉండాలన్నది దాని వెనుక తర్కం.

లాస్ ఏంజెలిస్ కౌంటీలో 2008 నవంబరులో అమ్మకపు పన్నును అర శాతం పెంచి, ఆ డబ్బును 30 ఏళ్లపాటు రవాణాకే వాడే ప్రతిపాదనను ఓటర్ల ముందు పెట్టారు. మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. దాదాపు 68 శాతం వచ్చింది. 2012లో దాన్ని పొడిగించమని అడిగితే 66.1 శాతమే వచ్చి వీగిపోయింది. 2016లో మరింత స్పష్టమైన పనుల జాబితాతో వస్తే 71 శాతం ఒప్పుకున్నారు. ఏ మార్గం ఎప్పుడు వస్తుందో రాసిస్తే జనం తమ మీద తామే పన్ను వేసుకుంటారని ఆ ఫలితాలు రుజువు చేశాయి.

మన తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన అమెరికాలోని ఉత్తర వర్జీనియాది మరో పాఠం. అక్కడి ప్రాంతీయ రవాణా సంస్థ పన్నులు వేయడం చెల్లదని 2008లో రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. ప్రజలు నేరుగా ఎన్నుకోని సంస్థకు పన్ను వేసే హక్కు లేదంది. 2013లో శాసనసభే చట్టం చేసి ఆ ప్రాంతానికి 0.7 శాతం అదనపు అమ్మకపు పన్ను విధించింది. వచ్చిన డబ్బులో 70 శాతం ప్రాంతీయ పనులకు, 30 శాతం నేరుగా కౌంటీలకు, నగరాలకు వెళ్లాలని రాసింది. ప్రాంతం మొత్తానికి పెద్ద రోడ్డు, ఊరికి కాలిబాట రెండూ ఒకే నిధిలోంచి వస్తాయి.

మన దేశంలోనూ ఉదాహరణ ఉంది. మహారాష్ట్ర 2022 ఏప్రిల్ నుంచి ముంబై, పుణె, ఠాణే, నాగపూర్ నగరాల్లో ఆస్తి రిజిస్ట్రేషన్ల మీద ఒక శాతం మెట్రో సెస్సు వసూలు చేస్తోంది.

హైదరాబాద్‌కు ఏది సరిపోతుంది?

కొత్త పన్ను మాటెత్తకముందే చేయదగ్గవి నాలుగున్నాయి. మొదటిది రిజిస్ట్రేషన్ రాబడి. మన దగ్గర ఆస్తి రిజిస్ట్రేషన్‌కు విలువలో 7.5 శాతం కడతాం. అందులో స్టాంపు డ్యూటీ 5.5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు అర శాతం. 60 లక్షల ఫ్లాటు కొన్నవారు నాలుగున్నర లక్షలు కడితే అందులో 90 వేలు స్థానిక సంస్థల కోసం ఉద్దేశించిన బదిలీ సుంకం. దానిలో మూడో వంతును, అంటే 30 వేలను, రవాణా నిధికి కట్టుబెడితే కొనుగోలుదారు మీద ఒక్క పైసా అదనపు భారం పడదు.

రెండోది, ఆస్తిపన్నులో పదో వంతును కూడా అలాగే కేటాయిస్తే ఏటా 204 కోట్లు. 2 శాతం వడ్డీకి తెచ్చే రుణమైతే 10,000 కోట్లకు ఏడాది వడ్డీ దాదాపు అంతే. నగరం తన వంతుగా అంతటి హామీ ఇవ్వగలిగితే మెట్రో లెక్కల్లో దానికీ ఒక వరుస ఉంటుంది, నిర్ణయాల్లో ఒక కుర్చీ ఉంటుంది. మూడోది, స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో అదనపు అంతస్తులకు అనుమతి తీసుకునే బిల్డర్ల నుంచి వసూలయ్యే రుసుములు. ఎత్తైన భవనాల మీద మౌలిక వసతుల ప్రభావ రుసుము ఇప్పటికే ఉంది. దాన్ని సాధారణ పద్దులో కలపకుండా ఆ మార్గానికే జమ చేయాలి.

నాలుగోది జవాబుదారీతనం. ఉమ్టాకు నిధి ఇస్తే దాని మీద ఎన్నికైనవారి అజమాయిషీ ఉండాలి. రాజ్యాంగంలోని 243 జెడ్ఈ అధికరణం ప్రకారం మహానగర ప్రణాళికా సంఘంలో కనీసం మూడింట రెండు వంతుల సభ్యులు స్థానిక సంస్థల ప్రతినిధులే ఎన్నుకున్నవారై ఉండాలి. ఆ సంఘాన్ని బతికించి ఉమ్టా పద్దును ఏటా దాని ముందు పెట్టాలి.

ఇది ఒక్క హైదరాబాద్ సంగతి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖ మెట్రో తొలి దశకు 11,498 కోట్లు, విజయవాడకు 10,118 కోట్లు, మొత్తం 21,616 కోట్ల అంచనాలున్నాయి. అక్కడ ఇంకా పట్టాలు పడలేదు, స్టేషన్లు రాబోయే చోట్ల భూముల ధరలు పూర్తిగా పెరగలేదు. విలువలో వాటా తీసుకునే చట్టం చేయడానికి సరైన సమయం ఇదే. పట్టాలు పడ్డాక చేస్తే లాభం అప్పటికే చేతులు మారి ఉంటుంది.

కార్పొరేషన్ ఎన్నికల్లో అభ్యర్థులు మీ గుమ్మం ముందుకొచ్చినప్పుడు రోడ్డు వేయిస్తారా అని అడగడంతో ఆగకండి. మా ఆస్తిపన్నులో, మా రిజిస్ట్రేషన్ ఫీజులో రవాణాకే వెళ్లే వాటా ఎంత, దాన్ని మరో పనికి మళ్లించకుండా ఆపే చట్టానికి మీరు మద్దతిస్తారా అని అడగండి. అంకెతో జవాబు చెప్పినవారికే ఓటు వేయండి.